అమరము ముందుగా

కాలిఫోర్నియా రాష్ట్రమున సాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు తూర్పు గట్టున, పసిఫిక్ మహాసముద్రపు జలములు లోనికి ప్రవేశించు గోల్డెన్ గేటు జలసంధికి ఇంచుమించు అభిముఖముగా, బర్క్‌లీ పట్టణపు మెరీనా కలదు. మెరీనా యనగా విహారనౌకలకై కట్టిన చిన్న రేవు. రాళ్లకట్టలు అలలను ఆపగా నిశ్చలమైన నీటిలో, పోటుతో లేచుచు పాటుతో దిగుచు నుండు తేలుడు నడవలు వరుసలు వరుసలుగా సాగియుండును. ఒక్కొక్క నడవకు ఇరుప్రక్కల సన్నని అడ్డనడవలు పొడుచుకొని వచ్చి, వాని నడుమ ఒకటి రెండు పడవలు మాత్రమే పట్టు స్థలములు ఏర్పడును. ఈ స్థలమును స్లిప్పు అందురు. పడవ ముందుకొనయగు అణియము లోపలికిని, వెనుకకొనయగు అమరము కాలువవైపునకును ఉండునట్లు కట్టుట సామాన్యాచారము గనుక, బయటికి వచ్చునప్పుడు అమరమే ముందుగా రావలసియుండును. ఒక వరుసకును ఎదుటి వరుసకును నడుమనున్న కాలువ, పడవ పొడవునకు ఒకటిన్నర రెట్లు వెడల్పుండిన చాలునని రేవు కట్టువారి లెక్క. అనగా 10 మీటర్ల పడవకు 15 మీటర్ల కాలువ. ఆ కొద్దిపాటి తావులో అయిదు టన్నుల బరువుగల నావ వెనుకకు వచ్చి, తొంబది డిగ్రీలు తిరిగి, ఎవరిని తాకక ముందుకు సాగవలెను.

కారును వెనుకకు నడపుటలో ఆరితేరినవారికి సహితము నావతో తొలి పరిచయము కలవరము కలిగించును. ఏలయన, కారుచక్రము నేలను పట్టుకొనియుండును. చక్రమేవైపు తిరిగిన బండి ఆవైపే పోవును. వేగమెంత తక్కువైన అంత నిర్భయముగా పోవును. భయము కలిగినచో బ్రేకు నొక్కి, నిలిచి, ఆలోచించి, మరల సాగవచ్చును. నావకు నేల లేదు, బ్రేకు లేదు, నిలిచి ఆలోచించు సదుపాయము అసలే లేదు: తాను కదలకున్నను దానిని గాలి కదలించును, గాలి లేకున్నను పోటు కదలించును. అంతకంటె విపరీతమైన సంగతి ఏమనగా, మితిమీరిన మందగమనమే ఇచ్చట ప్రమాదహేతువు. వెనుకకు పోవు పడవ చుక్కాని మాట వినవలెనన్న దానికి కొంత వేగముండి తీరవలెను. ఆ వేగము వచ్చువరకు అది వినునది ప్రొపెల్లరు మాటయు, గాలి మాటయు. వీనితో పెనగులాడువాడు ప్రక్కపడవ రంగు గీకును; వీని స్వభావమును ముందుగా తెలిసికొని వీనినే పనికి నియోగించువాడు నిరాయాసముగా బయటపడును. ఆ నియోగమెట్లో చూతము.

చుక్కాని యనునది నీటిలో నిలువుగా దిగియున్న రెక్క. నీరు దానిని రాచుకొని పారునప్పుడు రెక్కను కొంచెము వాల్చినచో, ఒక ప్రక్క పీడనము హెచ్చి రెండవ ప్రక్క తగ్గి, ఆ భేదము అమరమును ప్రక్కకు నెట్టును. ఈ బలము ప్రవాహవేగపు వర్గమును అనుసరించి హెచ్చును. నావికులు వేగమును నాట్లలో లెక్కింతురు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. పడవ వేగము 1 నాటునుండి 2 నాట్లకు పెరిగినచో చుక్కాని బలము నాలుగు రెట్లగును. అర నాటునకు దిగినచో నాలుగవ వంతే మిగులును. ముందుకు పోవునప్పుడు ఈ లోపము మనకు తెలియకపోవుటకు కారణము ప్రొపెల్లరు. అది సామాన్యముగా చుక్కానికి ముందు అమర్చబడి, తాను వెనుకకు చిమ్ము జలధారను తిన్నగా చుక్కానిమీదికే పంపును. కావున పడవ ఇంకను కదలకముందే యంత్రమునకు ఒక్క క్షణము ఊపిచ్చిన చాలు, చుక్కానికి ప్రవాహము లభించి అమరము జరుగును. యంత్రమును వెనుకకు త్రిప్పినప్పుడో, ధార ముందుకు పోయి పడవ పొట్టను కొట్టును. అప్పుడును చుక్కాని దిక్కునుండి ప్రొపెల్లరు నీటిని పీల్చుకొనుట నిజమే గాని, నలుదిక్కులనుండి చెదరి చేరు ఆ నీటికి ధారకుండు బిగువు లేదు. పడవ తానుగా వేగము పుంజుకొనువరకు చుక్కాని ఉండియు లేనిదే.

వేగము పుంజుకొన్న పిమ్మట మరియొక విశేషము బయటపడును. రెక్కపై నీరు చూపు బలము రెక్కయంతటను పరచుకొనియున్నను, అదంతయు నీటికి ఎదురైన అంచునుండి నాలుగవ వంతు దూరమున ఒక్కచోట పనిచేయుచున్నట్లు లెక్కింపవచ్చును. నేటి పడవల నిర్మాతలు చుక్కాని ఇరుసును ఆ బిందువునకు కొంచెము ముందుగా పెట్టుదురు. అందువలన ముందుకు పోవునప్పుడు చుక్కానిని రెండు వ్రేళ్లతో త్రిప్పవచ్చును. వెనుకకు పోవునప్పుడు రెక్కయొక్క వెనుకంచే ఎదురంచు అగును. బలకేంద్రము ఇరుసునకు దూరముగా తొలగును. ఇంచుక వాల్చిన చుక్కాని తనంతట తాను కొనవరకు విసరుకొని పోజూచును. చుక్కాని పిడికి ప్రక్కన నిలిచినవాని ప్రక్కటెముకలకు ఇది మంచిది కాదు. పిడిని రెండు చేతుల గట్టిగా పట్టి, కొద్ది కొద్దిగా త్రిప్పుటయే దీనికి ప్రతిక్రియ. చివరివరకు త్రిప్పిన చుక్కాని ప్రవాహమును చీల్చి సుడులు పుట్టించి, త్రిప్పుటకు మారుగా అడ్డుగోడయై వేగమును హరించును.

ఇక ప్రొపెల్లరు సంగతి. అమరమునకు వెనుకనుండి చూచినప్పుడు, ముందుకు పోవునెడల గడియారపు ముల్లు తిరుగు దిశలో తిరుగు ప్రొపెల్లరును కుడిచేతి ప్రొపెల్లరు అందురు. తెరచాప పడవలలో ఇదియే అధికము. వెనుకకు మార్చినప్పుడు ఇది అప్రదక్షిణముగా తిరుగును. అప్పుడు పడవను తిన్నగా వెనుకకు లాగవలసిన యంత్రము, చుక్కాని ఎంత తిన్నగా పెట్టినను, అమరమును ఎడమకు ఈడ్చును. దీనికి కారణములు ఒకటికంటె ఎక్కువ. ప్రొపెల్లరు ముందుకు చిమ్ము ధార మెలికలు తిరుగుచు పోవును. ఆ మెలికలో కుడివైపు నీరు పైకి లేచి పడవ పొట్టను కుడి ప్రక్కన తాకి ఎడమకు నెట్టగా, ఎడమవైపు నీరు క్రిందికి దిగి పొట్టను తప్పించుకొని పోవును. ఇదిగాక, పెక్కు పడవలలో ప్రొపెల్లరు ఇరుసు యంత్రమునుండి వెనుకకు ఏటవాలుగా దిగియుండుటచే, దిగుచున్న రెక్కయు ఎక్కుచున్న రెక్కయు నీటిని ఒకే కోణమున కోయవు. ఇరుప్రక్కల బలము సమముగా నుండదు. ఏటవాలు లేక ఇరుసు నీటికి సమాంతరముగా నుండు సెయిల్‌డ్రైవ్ అమరికగల పడవలలో ఈ ఈడ్పు స్వల్పముగా నుండుట ఇందుకు తార్కాణము.

ఈ వంకరనడక మరప్రొపెల్లరుతో పుట్టినది. 1836 లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, జాన్ ఎరిక్సన్ అను ఇరువురు వేర్వేరుగా ఇంగ్లండులో మరప్రొపెల్లరునకు పేటెంట్లు పొందిరి. అంతకు పూర్వము పొగయోడలను నడపినవి ప్రక్కలనుండు తెడ్లచక్రములు. ఇరుప్రక్కల జంటగా నుండి సమముగా తిరుగు అవి ఓడను ఒకవైపునకు ఈడ్చెడివి కావు. ఈ రెండింటిని పోల్చి చూచుటకు బ్రిటిషు నౌకాదళమువారు 1845 ఏప్రిల్ నెలలో మరప్రొపెల్లరు గల రాట్లర్ అను ఓడను, తెడ్లచక్రముల అలెక్టో అను ఓడను అమరమునకు అమరము చేర్చి మోకుతో కట్టి లాగించిరి. అలెక్టో చక్రములు నురుగులు కక్కుచు తిరుగుచుండగనే రాట్లర్ దానిని వెనుకకు లాగుకొనిపోయెను. చరిత్రలో ఇంత ప్రసిద్ధికెక్కిన వెనుకనడక మరియొకటి లేదేమో. ఆనాటి విజయమునకు చెల్లించు కప్పమును నేటికిని ప్రతి మెరీనాలోను అమరము ఎడమకు జరిగి చెల్లించుచునే యున్నది.

గాలిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన తొలి ప్రమాదములలో అధికభాగము దీనివలననే. గాలి నీటికంటె ఇంచుమించు 800 రెట్లు పలుచన. కావున చుక్కానితో పోల్చిన గాలి లెక్కలోనిది కాదని తోచును. కాని బలము వేగపు వర్గముతో హెచ్చునను మాటను మరువరాదు. 20 నాట్ల గాలి వేగపు వర్గము 400. అనగా అట్టి గాలి, 1 నాటు వేగముతో పారు నీరు చూపు ఒత్తిడిలో సగము ఒత్తిడిని సమానవైశాల్యముపై చూపును. ఇక వైశాల్యమా, నీటిలోని చుక్కానికంటె నీటిపైనున్న పొట్టయు, స్తంభమును, త్రాళ్లును, చుట్టిపెట్టిన చాపలును ఎన్నో రెట్లు పెద్దవి. స్లిప్పులో పావు నాటు వేగముతో జంకుచు కదలు పడవలో చుక్కానికిని గాలికిని పోటీ ఎక్కడిది? అంతేకాక ఈ గాలి పడవను అంతటను సమముగా నెట్టదు. అణియము నీటిలో లోతుగా దిగియుండదు, పైన ఎత్తుగా నుండును. స్తంభము నడిమికి కొంత ముందుండును. చుట్టిన ముందుచాప కొసకే అంటుకొనియుండును. వెనుకభాగమును చుక్కానియు, నడిమిభాగమును కీల్ అను లోతైన అడుగురెక్కయు నీటిలో పట్టియుంచగా, పట్టులేని అణియము గాలివాటున కొట్టుకొనిపోవును. తత్ఫలితముగా వెనుకకు పోవు పడవ తన అమరమును గాలికి ఎదురుగా త్రిప్పుకొన జూచును; ఒకసారి అట్లు త్రిప్పుకొన్న పిమ్మట, ఆ స్థితిలో ఆశ్చర్యకరమైన స్థిరత్వముతో సాగును.

పడవ తిరుగు తీరు గూడ మారును. ముందుకు పోవునప్పుడు అణియమునుండి మూడవ వంతు దూరమున నున్న బిందువు చుట్టును పడవ తిరుగుచున్నట్లు కనిపించును. వెనుకకు పోవునప్పుడు ఆ బిందువు అమరము దిక్కునకు జరుగును. దీని పర్యవసానము ఏమనగా, వెనుక నిలిచి చుక్కాని పట్టినవాని కన్నులు అమరముమీదనుండగా, అతని వెనుకనున్న అణియము పెద్ద చాపము గీచుచు ఆవలివైపు పడవమీదికి పోవును. అమరము ఎడమకు తిరిగినచో అణియము కుడిపొరుగువానికి అపాయము. అందుచేత పడవలో అధికభాగము స్లిప్పు దాటువరకు తిన్నగానే రావలెను. ఎంతవరకు? మరీ ఆలసించినచో ఎదుటి వరుసలోని పడవల ముక్కులు అమరమునకు తగులును. ఒకటిన్నర పొడవు కాలువలో ఈ రెండు తప్పులకు నడుమ మిగులు తావు మిక్కిలి స్వల్పము.

ఇప్పుడు ఈ బలములన్నిటిని ఒక్కచోట చేర్చి చూతము. కుడిచేతి ప్రొపెల్లరు గల పడవ, అణియము లోపలికి పెట్టి నిలిచియున్నది. రేవు ముఖద్వారము దానికి కుడివైపున కలదు. అమరము ఎడమకు తిరిగినచో అణియము తానే కుడికి, అనగా ద్వారమువైపునకు తిరుగును: ప్రొపెల్లరు ఈడ్పు ఇచ్చట వరప్రసాదము. గాలి ఎడమనుండి వీచినచో, అణియమును కుడికి నెట్టుచు అదియు తోడ్పడును. నావికుడు యంత్రమును మొదట జంకక కొంత ఊపుతో వెనుకకు త్రిప్పును. పడవ కదలి వేగమందుకొనగానే యంత్రమును విడుపులో, అనగా ముందుకును వెనుకకును కాని స్థితిలో పెట్టును. ఈ రెండవ పని చాలమంది మరచునది. ప్రొపెల్లరు ఆగినచో ఈడ్పు ఆగును. వేగము మాత్రము నిలిచియుండును. ఆ వేగమే చుక్కానికి ప్రాణము. 2 నాట్ల వేగమున పడవ సెకనుకు ఒక మీటరుకు పైగా జరుగును, తన పొడవును పది సెకండ్లలో దాటును. చుక్కానికి అంత చాలును, రేవులో అంతకు మించరాదు. సగమునకు పైగా బయటపడగానే చుక్కానిని ఎడమకు త్రిప్పి, అమరము కాలువలోనికి మళ్లగానే చుక్కానిని కుడికి మార్చి, యంత్రమును ముందుకు ఒక్క ఊపు ఊపవలెను: ధార చుక్కానిని కొట్టి, పడవ ముందుకు కదలకముందే అమరమును ఇంకను ఎడమకు విసరును. చాలనిచో మరల వెనుకకు ఒక ఊపు, మరల ముందుకొక ఊపు. ప్రతి వెనుక ఊపునను ప్రొపెల్లరు ఈడ్పు, ప్రతి ముందు ఊపునను చుక్కాని ధార, రెండును ఒకే దిశలో అమరమును త్రిప్పుటచే, నేర్పరియైనవాడు పడవను ఇంచుమించు నిలిచినచోటనే బొంగరముగా త్రిప్పగలడు. ఎడమకు తిరుగవలెనన్నచో ఇదే పడవతో ఈ విద్య చెల్లదు.

గాలి కుడినుండి వీచు దినమున కథ మారును. ప్రొపెల్లరు అమరమును ఎడమకు ఈడ్వజూడ, గాలి అణియమును ఎడమకు నెట్టి అమరమును కుడికి త్రిప్ప జూచును. 8 నాట్ల గాలిలో ప్రొపెల్లరు గెలువవచ్చును; 20 నాట్ల గాలిలో గెలువదు. అట్టి సమయమున పంతమునకు పోక, అమరమును గాలి కోరినవైపే విడిచి, పడవను తిప్పు ప్రయత్నమే మాని, కాలువ పొడవునను వెనుకకే నడిపి, విశాలమైన తావు దొరకిన పిమ్మట తిరుగుట ఉత్తమము. చూచువారికి ఇది నవ్వు పుట్టించిన పుట్టించుగాక. గాలికి అమరము చూపి పోవు పడవ తిన్నగా పోవునని మనము పైన చూచితిమి. నా దృష్టిలో ఈ నిర్ణయమును సకాలమున తీసికొనగలుగుటలోనే నావికుని పరిణతి కలదు గాని, యంత్రమును హోరెత్తించుటలో లేదు.

మోకులు యంత్రముకంటె పురాతనములు, ఇరుకుచోట్ల దానికంటె విశ్వాసపాత్రములు. గాలి వచ్చువైపు అడ్డనడవమీది ఇనుపకొమ్మునకు మోకును చుట్టబెట్టి, రెండు కొసలను పడవలోనే ఉంచుకొన్నచో, పడవ వెనుకకు పోవుకొలది దానిని సడలించుచు అణియమును గాలికి పోనీయక పట్టవచ్చును. పని తీరగానే ఒక కొస విడిచి రెండవ కొస లాగుకొనవచ్చును. లేదా పడవ నడిమినుండి అడ్డనడవ చివరికొమ్మునకు మోకు వేసి, వెనుకకు పోవుచు సరియైన క్షణమున బిగించినచో, పడవ ఆ మోకును ఆధారముగా గొని తనంతట తాను ఆవైపు తిరుగును. విడుచు కొసకు ముడి ఉండరాదు. ముడి కొమ్ములో చిక్కినచో, కదలుచున్న అయిదు టన్నుల నావ దానికి వ్రేలాడును. విడిచిన మోకు నీటిలో జారియున్నంతసేపు యంత్రమును త్రిప్పరాదు. ప్రొపెల్లరు దానిని చుట్టుకొన్నచో యంత్రము ఆగిపోయి, ఎవరికిని స్వాధీనము కాని పడవ ఇరుకుకాలువలో మిగులును.

యంత్రములు లేని కాలమున నావికులు లంగరును చిన్నపడవలో ముందుకు కొనిపోయి దించి, దాని మోకును లాగుచు ఓడను రేవు దాటించెడివారు. తెరచాప దూలమును చేతులతో గాలికి ఎదురుగా పట్టి, చాప వెనుకవైపునుండి గాలిని నింపి, పడవను వెనుకకు నడపెడివారు. హైదరాబాదు హుస్సేన్ సాగరములో పందెములాడు చిన్న పడవలవారికి ఈ చివరి విద్య నేటికిని పరిచితమే, వానికి యంత్రము లేదు గనుక. 1895 లో బోస్టనునుండి బయలుదేరి, 1898 లో న్యూపోర్టు చేరి, ఒంటరిగా భూప్రదక్షిణము గావించిన తొలి నావికుడు జాషువా స్లోకమ్ నడపిన స్ప్రే అను పడవకును యంత్రము లేదు. దాని అడుగురెక్క అణియమునుండి అమరమువరకు పొడవునను సాగియుండెడిది. అట్టి పొడవుకీలు పడవలు మహాసముద్రమున చుక్కాని విడిచినను తిన్నగా పోవును. ఆ గుణమే స్లిప్పులో దోషమగును, వెనుకకు నడపునప్పుడు అవి ఎటు పోదలచునో వాని యజమానులకే తెలియదు. పొట్టియైన లోతుకీలుగల నేటి పడవలు సులభముగా తిరుగును, గాని వాని కీలు సహితము ప్రవాహవేగము లేనిదే నీటిని పట్టలేదు. నిదానించినంత ప్రక్కకు జారును.

విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్య సభ్యులుగానున్న ఆర్గురు నౌకాదళాధికారిణుల బృందము 2017 సెప్టెంబరునుండి 2018 మే వరకు 17 మీటర్ల తారిణి అను తెరచాప నావలో భూప్రదక్షిణము చేసినప్పుడు, కేప్ హార్నును వారు చుట్టివచ్చుట పత్రికలకు వార్త అయినది. కాని ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవులలో ప్రతిసారియు నావను గట్టునకు చేర్చుటయు గట్టునుండి విడిపించుటయు గూడ ఆ ప్రయాణములోనివే. పెద్ద పడవలవారు కొందరు ఈ ఇక్కట్టునకు డబ్బుతో విరుగుడు కనుగొనిరి: అణియమున నీటిమట్టమునకు దిగువ అడ్డముగా ఒక గొట్టము తొలిచి, అందులో చిన్న ప్రొపెల్లరు పెట్టిరి, మీట నొక్కిన అణియము కుడికో ఎడమకో జరుగును. మరికొన్ని నవీనకల్పనలు ఒకచోట మేలు చేసి మరియొకచోట కీడు చేసినవి. చాపలతో పోవునప్పుడు అడ్డురాకుండ మడచుకొను ప్రొపెల్లరు రెక్కలు వెనుకకు త్రిప్పునప్పుడు నీటి ఒత్తిడికి మూసుకొన జూచి, భ్రమణవేగముచేత మాత్రమే తెరచుకొని నిలుచుటచే, వాని లాగుడు బలహీనము. వెడల్పు అమరములుగల పడవలకు పెట్టు జంట చుక్కానుల నడుమనుండి ధార ఎవరిని తాకక పోవును గనుక, ముందు ఊపుతో అమరమును విసరు ఉపాయము వానితో పనిచేయదు.

ఇంత శ్రమ ఎందుకు, పడవను మొదటనే అమరము లోపలికి పెట్టి కట్టినచో సరిపోవును గదా యని చదువరులలో కొందరు ఈపాటికి అనుకొనియుందురు. అట్లు కట్టువారు లేకపోలేదు. కాని వేసవి దినములలో కాలిఫోర్నియా నడిమి లోయ ఎండకు కాగి, అచ్చటి గాలి తేలికయై లేవగా, సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేటు సందుగుండ లోనికి దూసికొనివచ్చును; ప్రాతఃకాలమున ఆకు కదలని బర్క్‌లీ మెరీనాలో మధ్యాహ్నము తిరుగువేళకు 20 నాట్లకు పైబడిన పడమటి గాలి వీచును. అమరము లోపలికి కట్టదలచినవాడు దినమంతయు నీటిపై అలసి తిరిగివచ్చి, ఆ గాలిలో, ఇరుప్రక్కల పరుల పడవలుండగా, స్లిప్పులోనికి వెనుకకు నడపవలెను. ప్రొద్దున్నే నిశ్చలమైన నీటిపై వెనుకకు వచ్చుటకు ఇష్టపడు నావికులు పెక్కుమంది సాయంకాలము అణియము లోపలికే పెట్టుచున్నారు.